లినక్స్ డెస్క్‌టాప్: మొదటి గంటలో ఏమేం మార్చారు?

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు ఆరు స్క్రీన్‌షాట్లు పంపించాడు. కింద ఒకే వాక్యం: "అక్కా, వీటిలో ఏది వేసుకోమంటావ్?" విండోస్ నుంచి లినక్స్‌కి మారదామని వాడి ఆలోచన. లినక్స్‌లో తెర మీద కనిపించే రూపాన్ని, అంటే డెస్క్‌టాప్‌ని, చాలా రకాల్లోంచి ఎంచుకోవచ్చు. ఒకటి గ్నోమ్, రెండు ప్లాస్మా, ఒకటి సినమన్, ఒకటి ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఆరోదాన్ని పోల్చుకోవడానికి నాకే కాసేపు పట్టింది. అదీ ఎక్స్‌ఎఫ్‌సీఈనే, కాకపోతే ఎవరో దాన్ని మ్యాక్‌లా ముస్తాబు చేశారు.

ఆరూ అందంగానే ఉన్నాయి. కొండలో, రాత్రి ఆకాశమో వాల్‌పేపరు. మూలన పల్చటి అక్షరాల్లో గడియారం. పక్కన ఒక టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ), అందులో రంగురంగుల లోగో. చాలాసేపు చూశాక నాకు తట్టింది ఏమిటంటే, వాటిలో ఒక్కదానిలోనూ ఎవరూ పని చేస్తూ లేరు. సగం రాసిన ఉత్తరం లేదు. ఒక పక్క పీడీఎఫ్, ఇంకో పక్క స్ప్రెడ్‌షీట్ తెరిచి లేవు. బ్రౌజర్లో ఇరవై ట్యాబులు లేవు. పెళ్ళిచూపులకి సర్దిన ఇల్లులా ఉన్నాయి అన్నీ. అందులో వంట ఎలా సాగుతుందో, తడిబట్టలు ఎక్కడ ఆరేస్తారో తెలియదు.

అయిదేళ్ళ కింద అడిగి ఉంటే వాడికి ఐదు నిమిషాల్లో జవాబు చెప్పేదాన్ని. "నీకు నచ్చినట్టు మార్చుకోవాలంటే ప్లాస్మా, పాత మెషీన్ అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈ, విండోస్‌లా కావాలంటే సినమన్." ఈ జవాబు మీరూ చాలాచోట్ల చదివే ఉంటారు. తప్పేమీ కాదు. కానీ ఇప్పుడు నాకది చాలా పొట్టి జవాబుగా కనిపిస్తోంది, ముఖ్యంగా ఆ మొదటి ముక్క. ఒక డెస్క్‌టాప్‌ని ఎంత మార్చుకోవచ్చో చూసి ఎంచుకోవడం మానేసి, ఏమీ మార్చకుండా దానితో ఎన్నాళ్ళు హాయిగా పని చేసుకోగలమో చూసి ఎంచుకోవాలని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి రావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. దీని మీద నాకున్న సందేహాలు కూడా ఇక్కడే రాస్తాను.

పద్నాలుగు ఎక్స్‌టెన్షన్లు

నేను చాలాకాలం గ్నోమ్ వాడాను, పద్నాలుగు ఎక్స్‌టెన్షన్లతో, అంటే డెస్క్‌టాప్‌కి విడిగా తగిలించే చిన్న ప్రోగ్రాములతో. కింద డాక్ (యాప్‌ల ఐకాన్ల వరుస), పైన వాతావరణం, క్లిప్‌బోర్డ్‌లో పాత కాపీల జాబితా, విండోలు వాటంతటవే పక్కపక్కన సర్దుకునే ఏర్పాటు, ఇంకా ఏవేవో. ఒక్కొక్కటీ వేసినప్పుడు అది లేకుండా ఇన్నాళ్ళూ ఎలా బతికానా అనిపించేది.

గ్నోమ్ ఆరు నెలలకోసారి, మార్చిలోనూ సెప్టెంబరులోనూ, కొత్త వెర్షన్ తెస్తుంది. ప్రతి ఎక్స్‌టెన్షనూ తాను ఏ ఏ వెర్షన్లకి పనికొస్తుందో లోపల రాసి పెట్టుకుంటుంది. ఆ జాబితాలో కొత్త నంబరు లేకపోతే అది ఆగిపోతుంది. మామూలుగా ఆ నంబరు ఒక్కటి చేరిస్తే సరిపోయేది. 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45లో మాత్రం ఎక్స్‌టెన్షన్ల కోడ్ లోడయ్యే పద్ధతే మారింది. 44కి రాసినవేవీ మార్పులు చేయకుండా 45లో నడవవు. ఈ సంగతి వాళ్ళు ముందే చెప్పారు, ఎలా మార్చుకోవాలో వివరంగా రాసి కూడా పెట్టారు. ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్ళలో ఎక్కువమంది తమ తీరిక సమయంలో ఉచితంగా రాసేవాళ్ళు. కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. అప్‌గ్రేడ్ చేసిన రోజు పొద్దున నా పద్నాలుగూ ఆగిపోయాయి, అంతే.

మొదటి రోజు చేతులు కట్టేసినట్టయింది. రెండో రోజు ఒక పని చేశాను. కీబోర్డు పక్కన నోట్‌బుక్ పెట్టుకుని, ఏదైనా లేదని నిజంగా ఇబ్బంది పడినప్పుడల్లా దాని పేరు రాసుకున్నాను. ఎక్స్‌టెన్షన్ల జాబితా తిరిగి చూడకూడదని నియమం. మూడు వారాల తర్వాత నోట్‌బుక్‌లో మూడు పేర్లున్నాయి: క్లిప్‌బోర్డ్ చరిత్ర, పైన పట్టీలో యాప్‌ల చిన్న ఐకాన్లు, విండోల సర్దుబాటు. మిగతా పదకొండింటిలో రెండు అసలు ఏం చేసేవో పేరు చూసినా గుర్తు రాలేదు.

ఆ మూడు వారాల్లో ఇంకొకటి కూడా గమనించాను. డాక్ లేదు కనుక సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ) నొక్కి యాప్ పేరులో రెండు అక్షరాలు కొట్టడం అలవాటైంది. విండోని కిందికి దించే బటన్ లేదు కనుక పనికో వర్క్‌స్పేస్ (విడి తెర లాంటిది) చొప్పున విడగొట్టుకోవడం అలవాటైంది. గ్నోమ్‌ని తయారుచేసినవాళ్ళు అనుకున్న పద్ధతి అదే. దాన్ని ఒక్కరోజైనా ప్రయత్నించకుండా, మొదటి గంటలోనే డాకూ బటన్లూ తగిలించి విండోస్‌లా మార్చేసుకున్నాను. అంటే నేను అన్నేళ్ళూ వాడింది గ్నోమ్ కాదు. విండోస్ లాంటిదాన్ని గ్నోమ్ మీద నిలబెట్టి, ఆరు నెలలకోసారి పడిపోతుంటే మళ్ళీ మళ్ళీ నిలబెడుతూ వచ్చాను. నాకు కావలసింది ఆ రూపమే అయితే, పుట్టుకతోనే ఆ రూపంలో ఉన్న డెస్క్‌టాప్‌లు రెండు మూడున్నాయి కదా!

అప్పటినుంచి ఎవరైనా డెస్క్‌టాప్ గురించి అడిగితే నేను వేసే ఎదురు ప్రశ్న ఒకటే: కొత్తగా వేసుకున్నాక మొదటి గంటలో ఏమేం మార్చారు? ఆ జాబితా ఎంత పొడుగుంటే ఆ డెస్క్‌టాప్ మీకు అంత దూరం.

గ్నోమ్ వాడేవాళ్ళకి ఈ జాబితా జ్ఞాపకం మీద ఆధారపడనక్కర్లేకుండా దొరుకుతుంది కూడా. టెర్మినల్‌లో డీకాన్ఫ్ డంప్ అనే కమాండ్ ఇస్తే డిఫాల్ట్ విలువల్ని, అంటే తయారుచేసినవాళ్ళు ముందే పెట్టి ఇచ్చినవాటిని, వదిలేసి, మన అకౌంట్‌లో విడిగా రాసి ఉన్న సెట్టింగులు మాత్రమే చూపిస్తుంది. అందులో యాప్‌లు తమంతట తాము గుర్తుపెట్టుకున్న కిటికీ కొలతల్లాంటివీ ఉంటాయి, వాటిని వదిలేయాలి. మిగిలినవి చదువుతుంటే ఎప్పుడో మార్చి మరిచిపోయినవన్నీ ఎదురొస్తాయి.

పిన్ని ఫోన్

నా మెషీన్ అయితే పర్వాలేదు, నేను సరిచేసుకోగలను. మా పిన్ని విషయంలో జరిగింది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

పిన్ని కంప్యూటర్ నేనే సిద్ధం చేశాను. ఆవిడ చేసేవి నాలుగు పనులు: మెయిల్, ఫొటోలు, వీడియో కాల్స్, తన కథలు టైపు చేసుకోవడం. ఈ నాలుగింటికీ కింద పెద్ద ఐకాన్లతో ఒక డాక్ ఉంటే బాగుంటుందని, బయట దొరికే ఒక ఎక్స్‌టెన్షన్‌తో పెట్టాను. ఏడాదిపాటు చక్కగా నడిచింది. తర్వాత ఒకరోజు అప్‌గ్రేడ్ అయింది, డాక్ మాయమైంది.

ఫోన్ చేసి పిన్ని అన్న మొదటి మాట: "అమ్మాయ్, కింద ఉండే బొమ్మలన్నీ పోయాయే. నేనేమీ నొక్కలేదు, నిజంగా."

"నువ్వేం చెయ్యలేదు పిన్నీ" అన్నాను. కానీ ఆ ఫోన్ రావడానికి ముందే రెండు రోజులుగా ఆవిడ మెషీన్ ముట్టుకోలేదట. తనే ఏదో పాడుచేశాననుకుని, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. సగం రాసిన కథ అందులోనే ఉండిపోయింది. నేను సరదాకి కాదు, ప్రేమతోనే పెట్టాను ఆ డాక్‌ని. అయినా ఆ నిర్ణయం నాది, దాని బరువు మోసింది ఆవిడ.

తర్వాత లినక్స్ మింట్ (లినక్స్ రకాల్లో, అంటే డిస్ట్రోల్లో, ఒకటి) వేసి సినమన్ పెట్టాను. కింద పట్టీ, మెనూ, తెరిచిన విండోల వరుస, అన్నీ సినమన్ సొంతవే, నేను తగిలించినవేమీ లేవు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. పిన్ని అడిగిన మార్పు ఒక్కటే, అక్షరాలు పెద్దవి కావాలని. అది సెట్టింగ్స్‌లోనే ఉంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఉబుంటు అనే ఇంకో డిస్ట్రోలో ఎడమ పక్కన కనిపించే డాక్ కూడా సాంకేతికంగా గ్నోమ్ ఎక్స్‌టెన్షనే. కానీ దాన్ని ఉబుంటు వాళ్ళే ప్రతి విడుదలకీ పరీక్షించి, సిస్టమ్‌తో పాటే ఇస్తారు. కాబట్టి ఎక్స్‌టెన్షన్ అన్న పేరు చూసి భయపడనక్కర్లేదు. అది పాడైతే బాగుచేయాల్సిన బాధ్యత ఎవరిది అని చూడాలి. ఒకే గ్నోమ్ ఫెడోరాలో ఒకలా, ఉబుంటులో ఒకలా ఉంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ పట్టీలు కూడా ఒక్కో డిస్ట్రోలో ఒక్కోచోట ఉంటాయి. స్క్రీన్‌షాట్ కింద "గ్నోమ్" అని రాసి ఉంటే సరిపోదు, అది ఎవరు వడ్డించిన గ్నోమ్ అని కూడా అడగాలి.

మార్చుకోవడమే కదా స్వేచ్ఛ?

ఇంతదాకా చదివి ప్లాస్మా వాడేవాళ్ళు నామీద కోప్పడుతూ ఉంటారు. వాళ్ళ వాదనలో బలముంది.

ఈ మాటలన్నీ ఒకసారి నాతో గతంలో పనిచేసిన ఒకాయనతో అన్నాను. ఆయనకి చూపు బాగా తక్కువ. ప్లాస్మా వాడతారు. సూపర్ కీతో ప్లస్ నొక్కితే తెర మొత్తం పెద్దదవుతుంది, పాయింటర్ ఎటు వెళితే అటు జరుగుతుంది. పాయింటరు కూడా మామూలు కన్నా చాలా పెద్దది. రంగుల పథకం తనే చేసుకున్నారు. నల్లటి నేల మీద ముదురు పసుపు అక్షరాలు, విండో అంచులు లావుగా. నా సిద్ధాంతం అంతా ఓపిగ్గా విని ఆయన అన్నారు: "మీకు డిఫాల్ట్ అంటూ ఒకటుందండీ. నాకది ఎప్పుడూ లేదు."

దానికి నా దగ్గర జవాబు లేదు. తయారుచేసినవాళ్ళు "మామూలు మనిషి" అని ఎవరినో ఊహించుకుని డిఫాల్ట్ పెడతారు. ఆ ఊహకి దగ్గరగా ఉన్నవాళ్ళకే నా సలహా సులువు. చూపు, వినికిడి, వేళ్ళ నొప్పి, ఎడమచేతి వాటం, ఇవన్నీ ఉన్నవాళ్ళ మొదటి గంట జాబితా పొడుగ్గానే ఉంటుంది. దాన్ని కుదించుకోమనడం అన్యాయం.

ఆయన మాట విన్నాక నా అభిప్రాయాన్ని వదులుకోలేదు గానీ సవరించుకున్నాను. మార్పులన్నీ ఒక రకం కావు. ఆయన చేసుకున్నవన్నీ ప్లాస్మా తన సెట్టింగ్స్‌లో తానే ఇచ్చినవి. ప్లాస్మా 5 నుంచి 6కి వెళ్ళినప్పుడు, 2024 ఫిబ్రవరిలో, అవన్నీ ఆయన వెంటే వచ్చాయి. నా పద్నాలుగు ఎక్స్‌టెన్షన్లు బయటివాళ్ళు రాసినవి, డెస్క్‌టాప్ లోపలి కోడ్‌లోకి చెయ్యి పెట్టేవి. ఆ మార్పులన్నిటినీ కలిపి లెక్కపెట్టడం నా పొరపాటు. ఇప్పుడు జాబితా రాసేటప్పుడు రెండు నిలువు గళ్ళు గీస్తాను. డెస్క్‌టాప్ తానే ఇచ్చిన సెట్టింగ్ అయితే ఎడమ గడి. బయటి నుంచి తెచ్చి తగిలించిందైతే కుడి గడి. ఎడమ గడి ఎంత పొడుగైనా ఫర్వాలేదు. కుడి గడిలో నాలుగైదు దాటాయంటే మరో డెస్క్‌టాప్ చూసుకోవడం మంచిది.

ప్లాస్మా గొప్పతనం ఇక్కడే ఉంది. వేరేచోట కుడి గడిలో పడేవి చాలా దాంట్లో ఎడమ గడిలోకి వచ్చేస్తాయి. క్లిప్‌బోర్డ్ చరిత్ర అందులో ముందునుంచీ ఉన్నదే. పట్టీని ఏ అంచుకైనా జరపొచ్చు. ఏ రకం విండో ఏ వర్క్‌స్పేస్‌లో తెరుచుకోవాలో నియమాలు రాసుకోవచ్చు. అయితే ప్లాస్మాలోనూ కుడి గడి ఉంది. 2024 మార్చిలో బయటివాళ్ళు పెట్టిన ఒక గ్లోబల్ థీమ్ వేసుకున్న ఒక వినియోగదారుడి ఫైళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. థీమ్ అంటే రంగులూ బొమ్మలే అనుకుంటాం కానీ, ప్లాస్మా గ్లోబల్ థీమ్‌లో నడిచే కోడ్ కూడా ఉండొచ్చు. ఆ తర్వాత ప్లాస్మాని తయారుచేసే కేడీఈ వాళ్ళు అలాంటివి దించుకునేటప్పుడు జాగ్రత్త అని హెచ్చరిక చేర్చారు. మా తమ్ముడు పంపిన స్క్రీన్‌షాట్లలో సగం ఇలా బయటి నుంచి తెచ్చిన థీములు వేసినవే.

ఏమీ మార్చనివాళ్ళ కింద నేల కదిలినప్పుడు

నా అభిప్రాయానికి ఇంకో పెద్ద అడ్డంకి ఉంది, అది చరిత్ర. డిఫాల్ట్‌ని నమ్ముకుని ఏమీ మార్చకుండా వాడేవాళ్ళకే ఒక్కోసారి ఎక్కువ దెబ్బ తగిలింది.

2008 జనవరిలో కేడీఈ వాళ్ళ డెస్క్‌టాప్ 4.0 వచ్చినప్పుడు 3.5లో కుదురుకున్నవాళ్ళు ఎంత ఇబ్బంది పడ్డారో పాతవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వచ్చింది. గ్నోమ్ 2లోని పట్టీలు, మెనూలు, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు, అన్నీ ఒక్కసారిగా పోయాయి. అదే నెల ఉబుంటు 11.04 తన సొంత డెస్క్‌టాప్ యూనిటీని డిఫాల్ట్ చేసింది. లినక్స్‌ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడు గ్నోమ్ 3ని బహిరంగంగా విమర్శించి ఎక్స్‌ఎఫ్‌సీఈకి వెళ్ళిపోయారు, తర్వాత మళ్ళీ గ్నోమ్‌కే తిరిగొచ్చారు. గ్నోమ్ 2ని అలాగే బతికించుకోవాలని మాటే అనే డెస్క్‌టాప్ పుట్టింది. కొత్త పునాది మీద పాత రూపం కట్టాలని సినమన్ పుట్టింది. యూనిటీకి అలవాటుపడ్డవాళ్ళకి 2017లో ఇంకో మార్పు, ఉబుంటు దాన్ని పక్కన పెట్టి 17.10తో గ్నోమ్‌కి వెళ్ళింది.

కాబట్టి "డిఫాల్ట్‌ని నమ్మండి" అంటే అది తయారుచేసేవాళ్ళని నమ్మమని చెప్పడమే. ఆ నమ్మకం ఎవరిమీద పెట్టుకోవాలో వాళ్ళ గతం చూస్తే కొంత తెలుస్తుంది. నేను చూసేది కొత్త ఫీచర్లని కాదు. పాత అలవాటుని మార్చాల్సి వచ్చినప్పుడు వాళ్ళు దాన్ని ఎలా మార్చారని చూస్తాను. ప్లాస్మా 6లో ఫైలు తెరవడానికి ఒక క్లిక్ బదులు రెండు క్లిక్‌లు డిఫాల్ట్ అయ్యాయి. ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు అది. కానీ పాత పద్ధతికి సెట్టింగ్ అలాగే ఉంచారు. ఒక్కసారి మార్చుకుంటే అయిపోతుంది. గ్నోమ్ పద్ధతి వేరు. ఒకటి తీసేస్తే మళ్ళీ ఆప్షన్‌గా ఇవ్వడం అరుదు. దాన్ని మొండితనం అనేవాళ్ళున్నారు. నాకు మాత్రం అందులో ఒక నిజాయితీ కనిపిస్తుంది, మేం ఇచ్చేది ఇది అని ముందే చెబుతారు. 2011లో వచ్చిన కుదుపు తర్వాత వాళ్ళ మూల ఆలోచన పెద్దగా మారలేదు కూడా. 2021లో గ్నోమ్ 40లో వర్క్‌స్పేస్‌లు నిలువు నుంచి అడ్డానికి తిరిగాయి. చెప్పుకోదగ్గ పెద్ద మార్పు అదే.

ఎక్స్‌ఎఫ్‌సీఈ సంగతి ఇంకా వేరు. 4.12 వచ్చింది 2015 ఫిబ్రవరిలో, 4.14 వచ్చింది 2019 ఆగస్టులో. మధ్యలో నాలుగున్నరేళ్ళు. చాలామంది దాన్ని చచ్చిపోయిన ప్రాజెక్టు అనుకున్నారు. నేను మాత్రం ఆ నెమ్మదికి చేతులెత్తి దండం పెడతాను. 4.14 తెరిచినప్పుడు ఏది ఎక్కడుందో వెతుక్కోవాల్సిన పని ఎవరికీ రాలేదు. లోపల గొట్టాలన్నీ మార్చారు, బటన్లూ మెనూలూ గీసే జీటీకే అనే సామగ్రిలో 2 నుంచి 3కి వెళ్ళారు, గోడలు మాత్రం అక్కడే ఉన్నాయి. ఏ కారణంతోనైనా కొత్తగా నేర్చుకోవడం కష్టమైన మనిషికి డెస్క్‌టాప్ పెట్టాల్సి వస్తే నేను మొదట చూసేది ఇలాంటి నెమ్మదినే.

ర్యామ్ గురించి క్లుప్తంగా

"తక్కువ ర్యామ్ తినేది ఏది" అనే ప్రశ్నకి ఇస్తున్నంత ప్రాధాన్యం అక్కర్లేదని నా ఉద్దేశం. ఏమీ తెరవనప్పుడు డెస్క్‌టాప్‌ల మధ్య ఉండే తేడా కొన్ని వందల ఎంబీలు. బ్రౌజరు తెరిచి పది ట్యాబులు పెట్టగానే ఆ తేడా అందులో కలిసిపోతుంది. రెండు జీబీల మెషీన్ అయితే ఎల్‌ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి డెస్క్‌టాపో ఎక్స్‌ఎఫ్‌సీఈనో వాడాల్సిందే, అందులో వాదన లేదు. ఎనిమిది జీబీలు ఉంటే ఆ లెక్క మర్చిపోండి.

పాత మెషీన్లలో అసలు ఇబ్బంది తరచూ వేరేచోట ఉంటుంది. గ్రాఫిక్స్ చిప్‌కి సరైన డ్రైవరు లేకపోతే గ్నోమ్ లాంటివి తెర గీసే పని మొత్తం ప్రాసెసర్ మీద వేస్తాయి. అప్పుడు విండో జరిపినా ఫ్యాన్ హోరెత్తుతుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆ హంగులన్నీ ఆపేసుకోవచ్చు. ఇంకోటి, తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్న మెషీన్‌లో ఫైళ్ళని వెతకడానికి వెనకాల జరిగే ఇండెక్సింగ్. గ్నోమ్‌లోనూ ప్లాస్మాలోనూ అది ఉంటుంది. కొన్నాళ్ళు దాన్ని ఆపి చూడండి. డెస్క్‌టాప్ మార్చకుండానే మెషీన్ తేరుకోవచ్చు.

రుచికి చోటులేని విషయాలు

ఇప్పటిదాకా చెప్పినవి అలవాట్లు, ఇష్టాలు. కొన్ని విషయాల్లో మాత్రం ఇష్టంతో పనిలేదు. అవి కుదరకపోతే ఆ డెస్క్‌టాప్ మనకి కుదరనట్టే.

మొదటిది రెండు తెరలు. ల్యాప్‌టాప్ తెర చిన్నదై పిక్సెళ్ళు దట్టంగా ఉండి, పక్కన పెట్టుకున్న మానిటర్ పెద్దదై మామూలు పిక్సెళ్ళతో ఉంటే, తెర మీద విండోల్ని చూపించే పాత ఏర్పాటు ఎక్స్11 మీద ఒకచోట అక్షరాలు సరిపోతే ఇంకోచోట మరీ పెద్దవో మరీ చిన్నవో అవుతాయి. దాని స్థానంలో వచ్చిన వేలాండ్‌లో ఏ తెరకి ఆ తెర కొలత విడిగా పెట్టుకోవచ్చు. ప్లాస్మా 6లో వేలాండే డిఫాల్ట్. గ్నోమ్ 2025 సెప్టెంబరులో వచ్చిన 49లో ఎక్స్11 సెషన్‌ని డిఫాల్ట్‌గా ఆపేసింది. నేను ఇందాక మెచ్చుకున్న ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇక్కడ వెనకబడింది. 2024 డిసెంబరులో వచ్చిన 4.20లో వేలాండ్ ఇంకా ప్రయోగంగానే ఉంది. నెమ్మదికి దండం పెట్టినదాన్ని కాబట్టి దాని ఖరీదు కూడా ఇక్కడ చెప్పాలి. ఒకే తెర వాడేవాళ్ళకి ఇది పట్టదు. రెండు తెరలు వాడేవాళ్ళకి ఇదే మొదటి ప్రశ్న కావాలి.

రెండోది టైపింగ్. ఈ వ్యాసాన్ని నేను తెలుగులో టైపు చేస్తున్నాను. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కటే వాడేవాళ్ళు రాసిన సమీక్షల్లో ఈ ఊసే ఉండదు. గ్నోమ్‌లో ఐబస్ (రకరకాల భాషల్లో టైపు చేయించే ప్రోగ్రామ్) కలిసే వస్తుంది, సెట్టింగ్స్‌లో కీబోర్డు దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు. ప్లాస్మా వేలాండ్ మీద ఎఫ్‌సిటిక్స్ అనే అలాంటి ఇంకో ప్రోగ్రామ్ వాడాలంటే వర్చువల్ కీబోర్డ్ అనే పేజీలో దాన్ని ఎంచుకోవాలి. అది అక్కడ ఉంటుందని నాకు తట్టడానికి ఒక సాయంత్రం పట్టింది. ఎక్స్‌ఎఫ్‌సీఈలో సాధారణంగా ఐబస్‌ని విడిగా వేసుకుని అమర్చుకోవాలి. ఏదీ అసాధ్యం కాదు, ఒకసారి చేస్తే అయిపోతుంది. కానీ మీరు రోజూ వాడే నాలుగు యాప్‌లలోనూ మీ భాషలో ఒక పేరా కొట్టి చూడకుండా నిర్ణయం తీసుకోవద్దు. ఒత్తులు సరిగ్గా పడుతున్నాయా, బ్యాక్‌స్పేస్ నొక్కితే ఏం చెరుగుతోంది, భాష మారే షార్ట్‌కట్ ప్రతి యాప్‌లోనూ పనిచేస్తోందా, ఇవన్నీ స్క్రీన్‌షాట్‌లో కనపడవు.

మూడోది స్క్రీన్ రీడర్. చూపు అసలు లేనివాళ్ళ విషయంలో, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ఓర్కా ఎంత బాగా నడుస్తుందన్న దాని ముందు మిగతావన్నీ తర్వాతే. ఓర్కా గ్నోమ్‌తో పాటు పెరిగిన ప్రోగ్రామ్, అందుకే ఆ జత పాతది. ఇందులో నా అనుభవం తక్కువ. రోజూ వాడేవాళ్ళని అడగడమే సరైన పని.

తమ్ముడి జాబితా

మా తమ్ముడికి చివరికి పేరు చెప్పలేదు. ఒక పద్ధతి చెప్పాను. ఒక డిస్ట్రో వేసుకో, అందులో రెండు డెస్క్‌టాప్‌లు పెట్టుకో, కానీ ఒక్కోదానికి విడిగా ఒక యూజర్ అకౌంట్ తెరువు అన్నాను. ఎందుకంటే సెట్టింగులన్నీ హోమ్ డైరెక్టరీలో, అంటే ఆ అకౌంట్ సొంత ఫోల్డరులో, ఉంటాయి. ఒకే అకౌంట్‌లో అటూ ఇటూ దూకితే ఒకదాని థీములూ ఫాంట్లూ ఇంకోదానిలోకి వచ్చి, దేని గుణం ఏదో తెలియకుండా పోతుంది. ఒక్కోదానిలో ఒక్కో వారం నీ అసలు పని చెయ్యి. ఏదీ అలంకరించకు. చికాకు పుట్టినప్పుడల్లా రాసుకో, రెండు గళ్ళలో.

"వారం రోజులు వాల్‌పేపర్ కూడా మార్చకూడదా అక్కా?" అన్నాడు.

వాల్‌పేపర్ మార్చుకోమన్నాను.

రెండు వారాల తర్వాత రెండు కాగితాల ఫొటోలు పంపాడు. గ్నోమ్ కాగితంలో కుడి గడిలో ఆరు ఉన్నాయి. ప్లాస్మా కాగితంలో ఎడమ గడి నిండిపోయి వెనక పేజీకి వెళ్ళింది, కుడి గడిలో ఒకటే ఉంది. నా లెక్క ప్రకారం జవాబు తేలిపోయింది. కానీ గ్నోమ్ కాగితం అడుగున వాడు చిన్న అక్షరాలతో ఒకటి రాశాడు: "ఈ వారం అనుకున్నదానికంటే ఎక్కువ చదివాను. ఎందుకో తెలీదు." మార్చడానికి ఏమీ లేకపోవడం వల్ల చదివాడా, ఆ వారం పరీక్షలు దగ్గరపడ్డాయా, నేను చెప్పలేను. నా గళ్ళలో పట్టనిది అది. వాడు ఇంకో వారం గ్నోమ్‌లో ఉండి చూస్తానన్నాడు, సరే అన్నాను.

పిన్ని మెషీన్‌లో మింట్ కొత్త విడుదలకి అప్‌గ్రేడ్ ఎదురుచూస్తోంది. అందులో ఏం మారిందో ముందు నా దగ్గర వేసి చూస్తున్నాను. ఆదివారం ఆవిడ పక్కన కూర్చుని, తనచేతే ఆ బటన్ నొక్కిస్తాను.